మెట్ల మీద పెట్టిన ఖర్బూజ

నా భార్య పేరున నేను పెట్టిన ఖర్బూజ పండును ఈ దేశంలో ఒక మ్యూజియం వాళ్ళు తీసుకుపోయారు. ఏం చేశారో చెప్పలేదు. అదే రోజు నా చేతిలోంచి తీసుకున్న చాకును మాత్రం కవర్లో పెట్టి, మీద నా పేరు రాసి, మర్యాదగా తిరిగి ఇచ్చారు. ప్రమాదం అనుకున్న వస్తువు నా చేతికే ఇచ్చి, ఏ పాపమూ ఎరగని దాన్ని ఉంచేసుకున్నారు. దానితో పాటు, ఏడాది దాకా ఆ గడప తొక్కరాదని ఒక కాగితం. ఇక్కడ దాన్ని హౌస్‌ఫెర్‌బోట్ అంటారు. నాకు డెబ్భై ఆరేళ్ళు. ఏడో తరగతి తరువాత నా పేరు మీద వచ్చిన మొదటి సర్టిఫికెట్ అది.

నేను అడిగింది ఒక్కటే. ఆ పండును ఎవరైనా తిన్నారా, పారేశారా? ఈ ఒక్క ముక్కకు జవాబు కోసం మూడు ఉత్తరాలు రాశాను.

ముసలాయనకు మతి తప్పిందని ఇక్కడి మనవాళ్ళలో కొందరు అనుకున్నారని నాకు తెలుసు. అనుకోనీ. మొదటి నుంచి చెప్తాను, విని ఆ తరువాత అనండి.

నేను జిల్లా గ్రంథాలయంలో అటెండర్ని. పొద్దున తాళం తీయడం, ఊడ్వడం, పేపర్లకు కర్రలు బిగించడం, చినిగిన పుస్తకాలకు మైదా జిగురు పెట్టి కుట్టడం, బీరువాల వెనక చెదలు పట్టిందా అని టార్చి వేసి చూడడం నా పని. మిగిలిన టైంలో చదివేవాణ్ణి. ఏది గొప్ప పుస్తకం, ఏది కాదు అని చెప్పేవాళ్ళు లేరు గనక బీరువా వెంట బీరువా, ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోయాను. రైల్వే టైంటేబుల్ కూడా అదే భక్తితో చదివాను.

ప్రపంచ మతాల మీద ఒక లావు పుస్తకం ఉండేది. అందులో మాని అనే మనిషి గురించి సగం పేజీ. మిగిలిన సగం ఎవడో బ్లేడు పెట్టి కోసుకుపోయాడు. వెనక వైపు వాడికి కావలసిన బొమ్మేదో ఉండి ఉంటుంది. లైబ్రరీ పుస్తకాన్ని బ్లేడుతో కోసే మనిషి మీద నా కోపం నలభై ఏళ్ళయినా చల్లారలేదు. ఇప్పుడు కనబడినా గల్లా పట్టుకుంటాను. ఆ మిగిలిన సగంలో ఉన్నదింతే. మాని చాలా కాలం కింద బాబిలోను దేశంలో పుట్టాడు. చిత్రకారుడు. తన మతం పుస్తకాలు తనే రాసి, తనే బొమ్మలు వేశాడు. మన దేశం దాకా వచ్చి పోయాడు. పారసీక రాజు సంకెళ్ళు వేయించి జైల్లో పెడితే అక్కడే చచ్చిపోయాడు. అతని మతం ఒకప్పుడు ఆఫ్రికా నుంచి చైనా దాకా ఉండేది, ఇప్పుడు భూమ్మీద ఒక్క మనిషి కూడా దాన్ని పాటించడు. పళ్ళలో, ముఖ్యంగా ఖర్బూజలో, వెలుగు బందీగా ఉంటుందని వాళ్ళ నమ్మకం; ఆ వెలుగు బయటికి రావాలంటే... అక్కడ బ్లేడు.

ఆ వాక్యం పూర్తి కావడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. పూర్తయింది జర్మనీలో, ఈ కార్ల్స్‌రూహె ఊళ్ళో.

మా బిడ్డకు ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను రిటైరయ్యాక మమ్మల్నిద్దరినీ తెచ్చుకుంది. వచ్చిన నెలలోనే నేను ట్రామ్ ఎక్కి ఊరి లైబ్రరీ వెతుక్కున్నాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని, రోజుకు ఒక పేజీ చొప్పున, జర్మన్‌లో మాని గురించి ఉన్నవి చదివాను. మా ఇంటామె, అంటే నా భార్య, నవ్వేది. "చచ్చినోళ్ళ మతం నేర్సుకుంటున్నవు. బతికినోళ్ళు దుకాణంల ఏమంటున్నరో నేర్సుకో ముందుగాల" అనేది. ఆమెకు మాత్రం ఆర్నెల్లలో కూరగాయల జర్మన్ అంతా వచ్చేసింది.

ఆ మతంలో మనుషులు రెండు రకాలు. మొదటివాళ్ళు ఏరుకున్నవాళ్ళు, అంటే దేవుడు తన పనికి ఏరి పెట్టుకున్నవాళ్ళు. తెల్లబట్టలు కడతారు, ఇల్లూ సంసారమూ ఉండదు, చెట్టు నుంచి కాయ తెంపరు, కత్తి పట్టి కోయరు, వండరు. కోస్తే లోపలి వెలుగుకు నొప్పి. రెండోవాళ్ళు వినేవాళ్ళు, అంటే మనలాంటి సంసారులు. తెంపడం, కోయడం, తెచ్చి పెట్టడం వీళ్ళ పని. కోసిన పాపం వీళ్ళది. ఏరుకున్నవాళ్ళు రోజుకు ఒక్క పూట అది తింటారు. వాళ్ళ కడుపులో వెలుగు విడిపోయి పైకి పోతుంది. చంద్రుడు పడవ. పదిహేను రోజులు ఆ వెలుగును ఎక్కించుకుంటాడు, నిండుతాడు. తరువాత సూర్యుడికి దించుతాడు, తగ్గుతాడు. చచ్చిపోయిన తమవాళ్ళ పేరున పెడితే ఆ మేలు వాళ్ళకూ అందుతుందని వినేవాళ్ళ నమ్మకం.

ఇక్కడి పేపర్లలో, టీవీ చర్చల్లో ఈ మతం పేరు ఒక తిట్టు. ఎదుటివాడు ప్రపంచాన్ని మంచి, చెడు అని రెండు ముక్కలు చేసి మాట్లాడితే, నీది మాని బుద్ధి అంటారు. అన్ని దేశాల్లో చంపి, పుస్తకాలు కాల్చి, చివరకు మిగిలిన పేరును కూడా తిట్టుకు వాడుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయేది. అయితే ఈ కోపం పూర్తిగా చెప్పుకునే అర్హత నాకు లేదు. ఎందుకో చెప్తాను.

మా ఇంటామెకు కిడ్నీలు పాడయ్యాయి. ఎండాకాలం చివర్లో ఆసుపత్రిలో చేర్చాం. అక్కడ ఒక కాగితం ఇచ్చారు, ఏం తినాలో ఏం తినరాదో. రెండు వరుసలు, ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ. నేను డిక్షనరీ పెట్టుకుని ఆ కాగితమంతా తెలుగు చేశాను, గుండ్రటి అక్షరాలతో రాసి మంచం పక్కన గోడకు అంటించాను. నర్సులు చూసి మెచ్చుకున్నారు. ఏడో తరగతి మనిషిని గదా, పొంగిపోయాను. ఎర్ర వరుసలో నాలుగోది ఖర్బూజ.

మా కింది పోర్షన్‌లో ఉండే హైదరాబాద్ ముస్లిం ఇంజనీరు ఒక మధ్యాహ్నం ఆమెను చూడడానికి వచ్చి ఒక ఖర్బూజ పండు తెచ్చాడు. అతనికి ఆ కాగితం సంగతి ఏం తెలుసు. కిటికీ గట్టు మీద పెట్టి పోయాడు. ఎండకు అది వాసన పట్టింది. గదంతా ఆ వాసనే. నేనూ ఆమే ఉన్నాం.

"ఇగో, ఒక్క ముక్క కోసియ్యి. నోట్లె పెట్టుకోని ఉమ్మేస్త" అంది.

నేను గోడ వైపు చెయ్యి చూపించాను. ఆమెకు చదువు రాదు. నేను చదివి వినిపించాను. రేపు డాక్టర్ను అడిగి పెడతానన్నాను. ఎదురుగా ఉంటే మనసు లాగుతుందని, నాకు తోచిన మంచి పని చేశాను: ఆ పండు తీసుకెళ్ళి పక్క మంచం జర్మన్ ముసలమ్మకు ఇచ్చేశాను. ఆమె అక్కడికక్కడే కోయించుకుని తింది. చెమ్చా పళ్ళేనికి తగిలే చప్పుడు మధ్యన ఉన్న తెర ఆపలేదు. మా ఇంటామె గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు డాక్టర్ను అడిగాను. చిన్న వయసు డాక్టరమ్మ, నా భుజం మీద చెయ్యి వేసి, ఇప్పుడు ఆమె ఏది అడిగితే అది పెట్టండి, ఇంక ఆ కాగితంతో పని లేదు అంది. కిందికి దిగి, వీధి చివర దుకాణంలో పండు తీసుకుని పైకి వచ్చేసరికి ఆమెకు మింగుడు పడడం లేదు. మూడో రోజు పోయింది.

దహనానికి టెర్మిన్, అంటే ఇక్కడివాళ్ళు ఇచ్చే తేదీ, దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తరువాత మా పద్ధతి ప్రకారం పిట్టకు పెట్టాం. మా దిక్కు చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, ఆరుబయట ఆకులో పెట్టి, దూరంగా నిలబడి కాకి కోసం చూస్తారు. కాకి ముట్టిందా, మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టలేదా, ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి, నీ మనవరాలి పెళ్ళి చేస్తాం, నీ నగ ఫలానావాళ్ళకు ఇస్తాం అని మాట ఇస్తారు. ఏ మాటకు కాకి వాలితే అదే ఆ కోరిక.

ఇక్కడా కాకులున్నాయి, నల్లగా, మన కాకుల కంటే బలంగా. పార్కులో చెట్ల వెనక ఆకు పరిచాం. బిడ్డ పొద్దున్నే లేచి అన్నీ వండింది. గారెలు, పచ్చిపులుసు, మటను, బూరెలు. కాకులు చుట్టూ నడిచాయి. ఒక్కటీ ముట్టలేదు. బిడ్డ ఏడుస్తూ మాటలిచ్చింది. అల్లుడు తనకు తోచిన మాట ఇచ్చాడు. గంట గడిచింది. చివరకు పార్కు పనివాడు వచ్చి పిట్టలకు తిండి పెట్టగూడదని బోర్డు చూపించాడు. ఆకు ఎత్తేశాం.

ఆ ఆకులో లేనిది ఏమిటో నాకు తెలుసు. నోరు విప్పలేదు. విప్పితే బిడ్డకు చెప్పాలి. నీ తల్లి అడిగింది, నేను పక్క మంచానికి ఇచ్చాను అని చెప్పాలి.

ఆ తరువాత ఇంట్లో వాసన మొదలైంది. డిసెంబరులో, అన్ని కిటికీలూ మూసి ఉన్నప్పుడు, ముగ్గిన ఖర్బూజ వాసన. మొదటిసారి నేను వంటింట్లో డబ్బాలన్నీ తీసి చూశాను. బిడ్డను అడిగితే ఏ వాసనా లేదంది. అల్లుడు హీటర్ సర్వీసు చేయించాడు. ట్రామ్‌లో ఒకసారి, నా ముందు సీటు ఖాళీగా ఉండగా, అదే వాసన. ఎవరైనా పళ్ళెంలో చెమ్చా పెట్టి గీకితే నేను లేచి బయటికి పోయేవాణ్ణి. దయ్యాలను నేను నమ్మను. గ్రంథాలయం పాత భవనంలో ఒంటరిగా ఇన్నేళ్ళు పని చేసినవాణ్ణి, నమ్మి ఉంటే అక్కడే నమ్మేవాణ్ణి. ఆమె నన్ను పీడించలేదు. అడిగి ఊరుకుంది, అంతే. అడిగి ఊరుకున్న మనిషి ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో అలా ఉండేది.

ఇలా రెండేళ్ళు పోయాక, ట్రామ్‌లో ముప్పావుగంట దూరంలో ఉన్న ఒక చిన్న ఊళ్ళో, చచ్చిపోయిన మతాల మీద ప్రదర్శన పెట్టారని పేపర్లో చూశాను. ఒక్కణ్ణే వెళ్ళాను.

మాని గది చివరన ఉంది. చీకటిగా ఉంచారు, వెలుతురుకు పాత కాగితం పాడవుతుందని. అద్దం కింద రెండు ముక్కలు, వేరే చోటి నుంచి అరువు తెచ్చినవి, ఒకటి నా అరచేతికి సరిపోతుంది. నీలం రంగు పూత మీద తెల్లబట్టల మనుషులు వరుసగా కూర్చున్నారు. ఒకాయనకు కుడి కన్ను ఉంది, ఎడమ వైపు మొహమే లేదు. చైనా ఎడారిలో ఇలాంటివి దొరికినప్పుడు, ఈ గీతలు ఏ దుష్టశక్తివో అని భయపడి ఒక రైతు బళ్ళకొద్దీ పుస్తకాలు ఏట్లో పారేశాడట. పక్కన రాసి ఉంది. అట్టలు ఊడిన బళ్ళకొద్దీ పుస్తకాలు నీళ్ళలో ఎలా పోతాయో ఊహించడం నా వంటి మనిషికి మంచిది కాదు. మరో చోట, అదే చైనా సముద్రం ఒడ్డున, ఒక గుళ్ళో మాని రాతివిగ్రహం ఇంకా ఉందనీ, బుద్ధుడనుకుని జనం మొక్కుతున్నారనీ కూడా రాశారు. పోనీ, ఎవరనుకుంటేనేం, అగరొత్తి వెలిగిస్తున్నారు.

గది చివర ఒక పీఠం కట్టి పెట్టారు. ఐదు మెట్లు, పైన గుడ్డ కప్పిన ఖాళీ ఆసనం, ఆసనం మీద మాని పటం. మాని చచ్చిపోయిన రోజున ఏటేటా వాళ్ళు ఇలా పెట్టేవారు. నెల రోజులు ఉపవాసం ఉండి, ఆ రోజు ఈ మెట్ల ముందు కూర్చునేవారు, ఆయన వచ్చి కూర్చుంటాడని. వెనక గోడ మీద పాత బొమ్మ ఒకటి పెద్దది చేసి అంటించారు: మూడు కాళ్ళ బంగారు పళ్ళెం, అందులో పేర్చిన ద్రాక్షలు, ఖర్బూజలు.

మెట్లు మాత్రం ఖాళీ. ఒక్క పండు లేదు. పళ్ళు బొమ్మలో ఉన్నాయి, మెట్ల మీద లేవు.

నేను ఆ గదిలో ఎంతసేపు ఉన్నానో తెలియదు. వాసన వచ్చింది. ఈసారి నేను లేచి పోలేదు.

నాకు తట్టింది ఇది. కాకి ముట్టలేదు. ముట్టేవాళ్ళు ఎవరు? ఖర్బూజ తినడమే పనిగా, తిని వెలుగును విడిపించడమే మతంగా పెట్టుకున్న మనుషులు వీళ్ళు. వీళ్ళకు పెట్టేవాళ్ళు లేరు. నేను పెట్టాల్సిన పండు ఒకటి మిగిలి ఉంది. ఇందులో మతి తప్పినది ఏముంది? ఆకు వేసి కాకి కోసం నిలబడే మనిషి ఖాళీ కుర్చీకి పండు పెడితే వింతా?

కింది పోర్షన్ ఇంజనీరు టర్కీవాళ్ళ దుకాణానికి పోతుంటే నేనూ కారెక్కాను. పళ్ళన్నీ తొడిమ దగ్గర వాసన చూసి చూసి ఒకటి ఎంచాను. అతను నవ్వుతూ చూస్తున్నాడు.

"ఎవరికి చాచా, గింత పరేషాన్?"

"ఒకాయనకు. కుర్చీ వేసి పెట్టిండ్రు, ఇంకా రాలే. ఆయన మనుషులు నెల రోజులు ఉపాసం ఉంటుండె, రాత్రే తింటుండె."

"అరె, మా దగ్గర కాపీ కొట్టిండా?"

"మీకంటే మూడు నాలుగు వందల ఏండ్ల ముందటోడు భాయ్."

అతను పండును నా చేతిలోంచి తీసుకుని తూచినట్టు చూసి, "ఈ మాట మనిద్దరి నడుమనే ఉండనీయుండ్రి చాచా, బయట అనకుండ్రి" అన్నాడు. ఆసుపత్రికి తను తెచ్చిన పండు సంగతి అతనికి గుర్తుంది. చాచీ తిన్నదా అని నన్ను ఎప్పుడూ అడగలేదు. అడగనందుకు నేను అతనికి రుణపడి ఉన్నాను.

మర్నాడు పండును మా ఇంటామె తువ్వాలలో చుట్టి, సంచిలో పెట్టి, కూరగాయలు కోసే ఆమె చాకు పేపర్లో చుట్టి జేబులో పెట్టుకుని పోయాను. చాకు ఎందుకంటే, ఏరుకున్నవాళ్ళు కోయరు. కోయని పండు వాళ్ళ ముందు పెట్టడం అంటే ఆశ చూపించడమే. అలాంటి పని నేను ఒకసారి చేశాను, చాలు. కోసిన పాపం వినేవాడిది, నాది.

మెట్ల ముందు అడ్డంగా కట్టిన తాడు దాటడానికి మోకాళ్ళు సహకరించలేదు. పట్టుకుని దాటాను. రెండో మెట్టు మీద తువ్వాల పరిచి పండు పెట్టాను. ఆమె పేరు చెప్పాను. చాకు తీశాను. అంతలో నీలం స్వెట్టర్ వేసుకున్న కాపలా ఆమె తలుపులో కనబడింది. నన్ను, చాకును చూసి రేడియోలో గట్టిగా ఏదో చెప్పింది. ఇద్దరు వచ్చారు. దురుసుగా ఏం చేయలేదు, ఉన్నమాట చెప్పాలి. చాకు తీసుకున్నారు. ఇది మీదా అని కాపలా ఆమె పండును చూపించి అడిగింది. ఇప్పుడు నాది కాదు, వాళ్ళది అని ఆసనం వైపు చూపించాను. ఆ జవాబుతో నా కేసు పాడైంది. ఆమె చేతికి రబ్బరు తొడుగు వేసుకుని, తువ్వాలతో సహా పండును ఎత్తుకుపోయింది. చంటిపిల్లను ఎత్తుకున్నట్టే పట్టుకుంది. అది కూడా నాకు గుర్తుంది.

బిడ్డ ఆఫీసు వదిలి వచ్చింది. సంతకాలు చేసింది. తిరిగి వచ్చేటప్పుడు ట్రామ్‌లో నా పక్కన కూర్చుంది.

"ఇక్కడ మ్యూజియంలల్ల బొమ్మల మీద టమాటా సూపు పోసి లొల్లి చేసేటోళ్ళున్నరు బాపూ. నిన్ను గూడ గదే అనుకున్నరు" అంది.

"నేను సూపు పోసేటోని లెక్క కనబడుతున్ననా?"

"చాకు పట్టుకున్న ముసలోని లెక్క కనబడ్డవు" అని కిటికీ వైపు తిరిగింది. పండు ఎందుకు పెట్టావని అడిగింది. మతం మీద ఆసక్తి అన్నాను.

మొదటి ఉత్తరం కోపంతో రాశాను, ఇంగ్లీషులో. వార్తాపత్రికలు చదివి నేర్చుకున్న ఇంగ్లీషు నాది; ఎడిటరుకు రాసినట్టు వచ్చింది. ఖాళీ పీఠాన్ని బొమ్మకొలువులా పెట్టి డబ్బా కొట్టుకుంటున్నారు గాని, దాని ముందు పెట్టాల్సింది పెడితే నేరమా అన్నాను. పండు ఏమైందని అడిగాను. అచ్చేసిన కాగితం వచ్చింది. మ్యూజియం నియమావళి, దాని కింద ఎవరిదో అర్థం కాని సంతకం. పండు ఊసు లేదు.

రెండో ఉత్తరానికి మనిషి రాసిన జవాబు వచ్చింది. పండుకు పురుగు వస్తుంది, ఆ పురుగు కాగితానికి పాకుతుంది, మా దగ్గరున్నవి అరువు తెచ్చిన ముక్కలు, పోతే మళ్ళీ రావు అని రాశారు. అది చదివి నా కోపం కూలబడింది. ముప్పై నాలుగేళ్ళు చెదలతో పోట్లాడినవాణ్ణి నేను. బీరువాల్లో వేపాకు, కలరా ఉండలు పెట్టినవాణ్ణి. రీడింగు రూములో అరటిపండు తిన్న పంతులుగారిని కసిరినవాణ్ణి. ఆ గదిలో నాకు అది తోచలేదంటే సిగ్గనిపించింది. మిగిలిన ఆ అరచేయంత కాగితాన్ని కూడా నా పండు తినేసి ఉండేదేమో. కానీ అడిగినదానికి జవాబు ఇందులోనూ లేదు.

మూడో ఉత్తరం ఇంగ్లీషులో రాలేదు. తెలుగులో రాశాను, తరువాత ఎలాగో మారుద్దామని. ఎర్ర వరుస, కిటికీ గట్టు, పక్క మంచం, చెమ్చా చప్పుడు, కాకి, అన్నీ రాశాను. పారేసి ఉంటే పారేశామని చెప్పండి, నేను భరిస్తాను. తెలియకపోవడం భరించలేకపోతున్నాను అని రాశాను. డైనింగ్ టేబుల్ మీద కళ్ళద్దాల కింద పెట్టి స్నానానికి పోయాను. పెట్టేటప్పుడు మరచిపోయి పెట్టానో, కావాలని పెట్టానో ఇప్పటికీ చెప్పలేను.

బయటికి వచ్చేసరికి బిడ్డ కుర్చీలో కూర్చుని ఉంది. కాగితాలు చేతిలో ఉన్నాయి. లాప్‌టాప్‌లో ఎవరో ఆమెను మీటింగులో పేరు పెట్టి పిలుస్తున్నారు, పలకలేదు.

"రెండేండ్లు నాతోని చెప్పలే. మ్యూజియమోళ్ళకు చెప్తున్నవు" అంది.

నేను తడి తలతో అక్కడే నిలబడ్డాను.

"పార్కుల నేను ఏడుసుకుంట ఏమేమో మాటలిచ్చిన బాపూ. నువ్వు పక్కనే నిలబడ్డవు. నీకు తెలుసు."

తెలుసన్నాను. ఆమె లేచి లాప్‌టాప్ మూసేసింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. రెండు రోజులు అన్నం పెట్టింది, మందులు పెట్టింది, మాట్లాడలేదు. మూడో రోజు శనివారం. నా ఉత్తరం పక్కన పెట్టుకుని తనే జర్మన్‌లో టైపు చేయడం మొదలుపెట్టింది. ఒక్క వాక్యం తీసేయలేదు. మధ్యలో ఒకసారి మాత్రం ఆగి, "ఉమ్మేస్త అన్నదా అమ్మ, నిజంగ?" అని అడిగింది. అన్నదన్నాను. అది కూడా టైపు చేసింది. కింద నా సంతకం పెట్టించి, దాని పక్కన తన సంతకం కూడా పెట్టి, తనే పోస్టు చేసి వచ్చింది.

ఐదు వారాలు ఏమీ రాలేదు. ప్రదర్శన అయిపోయిందని పేపర్లో వేశారు. ఆ ముక్కలు వాటి ఊరికి అవి వెళ్ళిపోయి ఉంటాయి. మెట్లు విప్పేసి ఉంటారు. ఇంక రాదనుకున్నాను.

వచ్చింది. జర్మన్‌లో, చేత్తో రాసింది. బిడ్డను చదవమనలేదు. డిక్షనరీ పెట్టుకుని నేనే తెలుగు చేశాను. అది ఇది:

"అయ్యా, మీ మొదటి రెండు ఉత్తరాలకు ఆఫీసు జవాబిచ్చింది. మూడోదానికి ఎవరు జవాబివ్వాలో తేలక, బల్లల మీద తిరిగి తిరిగి నా దగ్గరికి వచ్చింది. నేను కాగితాలు బాగుచేసే మనిషిని. మీ పండును ఎవరూ తినలేదు. పారేయనూ లేదు. బయటి నుంచి వచ్చి కాగితం దగ్గరికి చేరిన ఏ వస్తువునైనా సంచిలో కట్టి, పురుగు చచ్చేంత చలిలో రెండు వారాలు ఉంచడం మా పద్ధతి. ఆ తరువాత పారేయాలి. పారేయాల్సింది నేనే. ఆ రోజుల్లో నెలన్నర సెలవులో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి మీ ఉత్తరం ఉంది. చదివాక నాకు చేతులు రాలేదు. సంచి మీద చీటీ ఉంది: గది, తేదీ, పండు ఒకటి, గుడ్డ ఒకటి. ఈ ఉత్తరం రాసే ముందు వెళ్ళి చూసి వచ్చాను. అలాగే ఉంది. తినడానికి ఇప్పుడు పనికి రాదు. బయట పెడితే ఒక పూటలో మెత్తబడి నీరవుతుంది. దాన్ని ఏం చేయాలో మా నియమాల్లో ఎక్కడా లేదు, నేను వెతికాను. మీ మీద ఉన్న నిషేధం తీసేసే అధికారం నాకు లేదు. అయితే నేను పని చేసే చోటు వేరే భవనం, పెరట్లో చెట్లున్నాయి, కాకులు కూడా వస్తాయి. మీకిచ్చిన కాగితంలో ఆ భవనం పేరు లేదు. సోమవారాలు నేను ఒక్కదాన్నే ఉంటాను. ఏం చేయమంటారో మీరూ మీ అమ్మాయీ ఆలోచించి చెప్పండి. అంతదాకా దాన్ని ఎవరూ ముట్టరు."